శయ్యాదానమిచ్చిన గాలి మిషనుకు కరెంటు కోరుతూ

కర్నూలు జిల్లా,
మే 2008.

విద్యుత్ శాఖ సహాయక ఇంజనీరు గారి సముఖమునకు, అమ్మవారిశాల వీధిలో బెల్లం మండీ నడుపుకొనుచున్న అనంతయ్య శెట్టి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధికి తమరు దయచేసిన కోత లేని రాత్రి కరెంటును రద్దుపరచి, చర్చి వీధికి మార్పించుట గురించి.

1. నా భార్య రాజ్యలక్ష్మమ్మకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కలదనియు, ఆమె గాలి మిషను పెట్టుకొని నిద్రించుచున్నదనియు, రాత్రి కోతలకు మిషను ఆగిపోవుచున్నదనియు చలికాలంలో తమకు అర్జీ పెట్టుకొనియున్నాను. తమరు విచారించి మా వీధిని ఆసుపత్రి లైనుకు కలిపించినారు. లైన్‌మన్ చిన్న ఈరన్న స్తంభం దిగి, "శెట్టీ, ఇంక అమ్మను నిమ్మళంగా పండుకోమను" అన్నాడు. అప్పటికి ఆమె దినాలు కూడా అయిపోయినవి. ఆ సంగతి అతనికి తెలియదు. మజ్జిగ ఇచ్చి పంపినాను.

2. ఆమె పోయినందుకు తమ శాఖ మీద నాకు ఫిర్యాదు లేదు. మిషను రాకముందే, ఏండ్ల తరబడి రాత్రిళ్లు ఊపిరి కోసం కొట్లాడి గుండె అలిసిపోయిందని కర్నూలు డాక్టరుగారు చెప్పినారు. మేమంతా దాన్ని గురక అనుకున్నాము.

3. మిషను సంగతి తమకు విన్నవించవలసియున్నది. నిద్రలో గొంతు లోపలి కండ సడలి గాలి దారి మూసుకుంటుంది. ముక్కుకు ముసుగు తగిలించి గొట్టంతో గాలి తోస్తే దారి తెరుచుకుంటుంది. కొన్ని మిషన్లు రాత్రంతా ఒకే ఒత్తిడితో తోస్తాయట. మాది ఆటోమేటిక్. ప్రతి ఊపిరినీ కనిపెట్టుకుని ఉంటుంది. గురక మొదలైనా, లోపలికి పోయే గాలి తగ్గినా, కాటాలో గింజ గింజ వేసినట్టు ఒత్తిడి కొంచెం కొంచెం పెంచుతుంది. ఊపిరి సాఫీగా ఆడితే మెల్లగా తగ్గిస్తుంది. వెల్లకిలా పండుకున్నప్పుడు ఎక్కువిచ్చేది, పక్కకు తిరిగితే తగ్గించేది. అడక్కుండా, కావలసినంతే ఇచ్చేవాణ్ణి నా వ్యాపారంలో నేనెక్కడా చూడలేదు. మొదటిసారి పెట్టుకున్న తెల్లారి ఆమె మంచం మీద కూర్చుని, "శానా ఏండ్లకు నిద్రపోయినా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చినాను.

4. పోయినవారి మంచం, పరుపు, గొడుగు, చెప్పులు శయ్యాదానమిస్తే వారికి పైలోకంలో సుఖనిద్ర అని మా ఆచారం. పరుపుతో పాటు మిషను కూడా పోవలెనని నేను పట్టుబట్టినాను. పురోహితులవారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు మంచం చాలప్పా. ఇది ఎవరి నిద్రకు పనికొస్తాదో వాళ్లకియ్యి, అదే దానం" అన్నారు. మా మండీ హమాలీ ఏసేపు బెల్లం బుట్టల మీదనే కునుకుతుంటాడు. వాడిదీ తన జబ్బేనని మా ఆమె బతికుండగానే అనేది. కర్నూలు పిలుచుకుపోయినాను. డాక్టరుగారు పరీక్షలు చేసి, ఆ జబ్బేనని తేల్చి, ముసుగు మార్పించి, ఒత్తిడికి కింది హద్దూ పై హద్దూ పెట్టి ఇచ్చినారు. ఆ హద్దుల నడుమ ఎవరి గొంతుకు ఎంత కావాలో మిషనే చూసుకుంటుందట. "శయ్యాదానం చర్చి వీధికి పోయిందేమప్పా" అని మా బంధువులు మూతులు తిప్పుకున్నారు. తిప్పుకోనీ. మర్నాడు ఏసేపు భార్య కృపమణి మండీకి వచ్చి, "గురక ఇనపడకపాయ, పాణం పోయిందేమోనని ఎదమీద చెయ్యి పెట్టి చూసినా సామీ. నిద్రపోతాండాడు!" అని చెప్పింది.

5. చర్చి వీధిలో రాత్రి కోత అమలగుచున్నది. కోత పడగానే మిషను ఆగుతుంది, ఏసేపు ఉక్కిరిబిక్కిరై లేస్తాడు. శాస్త్రం నిజమైతే, ఆ మిషనుతో వాడు పోయే నిద్ర ఆమెకు చేరుతుంది. కనుక తమరు ఆ వీధిలో కరెంటు తీస్తే ఊపిరికి తడుముకునేది ఇద్దరు. శాస్త్రం అబద్ధమైతే ఒక్కడు. ఒక్కడైనా మనిషే కదా అయ్యా.

6. ఆసుపత్రి లైను ఇంకొక వీధిని మోయలేదని తమ కార్యాలయంలో సెలవిచ్చినారు. కావున మా వీధిని తొలగించి ఆ వీధిని కలుపవలసినదిగా ప్రార్థన. ఇరుగుపొరుగు నన్ను తిడతారు. పడతాను. మా ఇంట్లో ఇప్పుడు కరెంటు పోతే ఆగేది ఫ్యానొక్కటే.

పై సంగతులన్నీ దయతో చిత్తగించవలెను. వానలు పడకముందే ఉత్తర్వు ఇప్పించగలరని ఆశతో,

తమ విధేయుడు,
అనంతయ్య శెట్టి

మరొక మనవి: ఇది ఆఫీసు ఫైలులో పెట్టవద్దు సార్. మిషను ఇచ్చివేసే ముందు తలుపు వేసుకుని ఆ ముసుగు నేను పెట్టుకున్నాను. ఆమెకు వచ్చిన గాలి నాకూ వస్తుందనుకున్నాను. అది నా ఊపిరి చూసుకుని, నాకు కావలసినంతే ఇచ్చింది. శానా కొంచెం. దొంగగురక కూడా పెట్టి చూసినాను. గాలి కొంచెం పెరిగింది. ఆమె పక్కనే ఉన్నట్టనిపించింది. అంతలోకే ఏడుపొచ్చి గురక ఆపేసినాను. కాసేపటికి, నాకు అక్కరలేదని దానికి తెలిసిపోయింది. మెల్లగా తగ్గించేసింది.