పొగ కనబడని ఇల్లు

నాగిరెడ్డిపేట

తమ్ముడు హన్మండ్లుకు,

నువ్వు కామారెడ్డిలో దుకాణాలన్నీ తిరిగి చూసి పంపిన పొయ్యి మంచిదే. కట్టెలు సగమే పడుతున్నాయి, పొగ అసలే రావడం లేదు. తకరారంతా అక్కడే వచ్చింది. చావు జరిగిన ఇంట్లోనే కదా పొయ్యి ముట్టించరు. గోడ పంచాయితీ నాటి నుంచి మాతో మాట్లాడని నా తోటికోడలు సాయవ్వ, మా కప్పు మీద పొగ కనబడక, నిన్న పక్కింటి నుంచి అన్నం, పప్పు పట్టుకొని ఏడుస్తూ వచ్చింది.

“బావ ఎప్పుడు పోయిండక్కా?” అని అడిగింది.

మీ బావ లోపలి నుంచి “ఇంక పోలే” అన్నాడు.

తెచ్చిన అన్నం వాపసు పంపడం బాగుండదని ముగ్గురం కూర్చొని తిన్నాం.

ఇప్పుడు తనకూ అదే పొయ్యి కావాలట. నిన్ను అడిగితే దొరకడం లేదని చెప్పు. ఇన్నేళ్ళుగా నేనూ పొద్దున్నే ఆమె ఇంటి మీద పొగ చూశాకే నా పొయ్యి ముట్టిస్తున్నాను.

మీ అక్క