విల్ఫ్‌ని పని గురించి మాట్లాడటానికి రమ్మన్నారు

ఆష్‌గిల్, డర్హమ్
29 మార్చి 2009, ఆదివారం

నోరా అక్కకి,

నీ చెల్లెలు థెల్మా ప్రేమతో రాస్తున్నది. మేమిద్దరం ఇక్కడ క్షేమం అని ముందుగా రాయాలి కాబట్టి రాశాను. అది ఎంతవరకు నిజమో కిందికి చదివితే నీకే తెలుస్తుంది. నీ మోకాలు ఎలా ఉంది? ఆ సముద్రపు చలిగాలిలో బయట తిరగొద్దని పోయిన ఉత్తరంలోనే రాశాను. వినవని తెలుసు. నీ చెవులు బాగుంటే ఫోన్లో పది నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. ఇప్పుడు నేను కూర్చుని రాయాలి, నువ్వు కళ్ళజోడు వెతుక్కుని చదవాలి.

అసలు సంగతేంటంటే, విల్ఫ్‌ని పని గురించి మాట్లాడటానికి రమ్మన్నారు. అవును, మీ మరిదినే. గనిలో పైకప్పు కూలి నడుము విరిగినప్పటి నుంచీ వికలాంగుల భత్యం మీద బతుకుతున్న మనిషిని. ఆ భత్యం తీసుకునే వాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని టౌన్లో ఆఫీసుకి పిలుస్తున్నారు. ఏ పని చేయగలరు, చేయడానికి అడ్డేమిటి, ఆ అడ్డు తీయడానికి ఏం చేయొచ్చు, ఇదంతా నెలకోసారి మాట్లాడతారట. వెళ్ళకపోతే భత్యంలో కోత. మా వీధిలో సగం మంది మగవాళ్ళకి పిలుపు వచ్చింది. గని మూసేసి ఊరంతా రోడ్డున పడ్డప్పుడు రండి, పని గురించి మాట్లాడుకుందాం అన్నవాడు ఒక్కడు లేడు. ఇప్పుడు నడుములు పోయినవాళ్ళూ ఊపిరితిత్తులు పోయినవాళ్ళూ గుర్తొచ్చారు.

పిలిచినందుకు నాకు భయం లేదు. పిలిస్తే మీ మరిది ఏం చెబుతాడోనని భయం. మన ఊరి మగాళ్ళ సంగతి నీకు తెలియనిదా? ఎలా ఉన్నావంటే బ్రహ్మాండం. ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మన నాన్న కూడా డాక్టరుతో అదే మాట అన్నాడు. ఆ డాక్టరు ఈ ఊరివాడు కాబట్టి నమ్మకుండా మంచం మీదే ఉంచాడు. ఆ ఆఫీసులో అలా కాదుగా. బ్రహ్మాండం అంటే బ్రహ్మాండం అనే కంప్యూటర్లో కొడతారు, వెంటనే ఏదో ఒక కుర్చీ చూపించి రోజంతా కూర్చోమంటారు.

అందుకని వెళ్ళేముందు వంటింట్లో తర్ఫీదు ఇచ్చాను. నేను కళ్ళజోడు పెట్టుకుని బల్లకి అటు కూర్చుని, ఎంబ్లెటన్ గారూ ఎలా ఉన్నారు అని అడిగాను. బ్రహ్మాండం, మీరెలా ఉన్నారు అన్నాడు. గరిటె తీశాను. సరే సరే, ఫర్వాలేదు అన్నాడు. అది కూడా అనకూడదు, ఎక్కడ నొప్పో చెప్పాలి అన్నాను. ఎవరికి వాళ్ళ నొప్పులు ఉండగా మధ్యలో నావి ఎందుకే ఆ ఆఫీసు వాళ్ళకి అన్నాడు. ఇంత మొండి మనిషి గని పొడవునా వెతికినా దొరకడు.

పక్కింటి హెస్లప్ గారి భార్య సలహా వేరే. గడ్డం గీయనివ్వకు థెల్మా, పాత కోటు వెయ్యి, మా ఆయన అలాగే గట్టెక్కాడు అంది. మీ మరిదికి ఆ మాట చెప్పానో లేదో, అలమరలోంచి అంత్యక్రియలకి వేసుకెళ్ళే సూటు తీయమన్నాడు. తెల్ల చొక్కా, టై, అద్దంలా మెరిసే బూట్లు. ఆఫీసుకి వెళ్తూ అడుక్కునేవాడిలా వెళ్ళనా అన్నాడు. ఆ బూట్లు మెరిపించిందీ నేనే, వంగి కాళ్ళకి తొడిగిందీ నేనే. ఆ సంగతి చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది చెప్పు.

మూడు వారాల కింద ఇద్దరం కలిసి వెళ్ళాం. అక్కడ కూర్చున్నది కిర్స్టీ అనే చిన్నపిల్ల, పాతికేళ్ళు ఉంటాయేమో. మంచి పిల్లే, మొహంలో తెలుస్తుంది. మీ మరిది కూర్చోగానే, నువ్వు ఎవరి తాలూకు అమ్మాయ్ అని మొదలుపెట్టాడు. ఆ పిల్ల డగీ టర్న్‌బుల్ మనవరాలట. డగీ విల్ఫ్‌తో ఒకే షిఫ్టులో దిగేవాడు, దుమ్ము పట్టి దగ్గి దగ్గి పోయాడు, నీకు గుర్తుండే ఉంటుంది. ఇక అయిపోయింది. మీ తాత పార పట్టాడంటే ఇద్దరి పని చేసేవాడమ్మా అని పొగిడాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. డగీ మనవరాలి ముందు ఈయన నడుము నొప్పి అంటాడా? అనడు.

ఎలా ఉన్నారు అని అడిగింది. బ్రహ్మాండం. ఎంత దూరం నడవగలరు? ఎక్కడికంటే అక్కడికి. ఎంతసేపు కూర్చోగలరు? కుర్చీ మంచిదైతే ఎంతసేపైనా. ఇలా అంటూనే లేచి నిలబడ్డాడు, ఎందుకంటే అప్పటికే ఇరవై నిమిషాలు దాటింది, అంతకంటే ఎక్కువ కూర్చోలేడు. ఆ పిల్ల వెళ్ళిపోతున్నాడనుకుని తనూ లేచింది. లేదు లేదు, కిటికీలోంచి బయట చూద్దామని అన్నాడు. ఆ కిటికీలోంచి కనిపించేది చెత్తడబ్బాలు అక్కా. మిగతా మాటలన్నీ కుర్చీ వీపు పట్టుకుని నిలబడే మాట్లాడాడు.

అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని అడిగింది. అందరినీ అడగాలట, తెరమీద ఉందట. చాపెల్ వెనక సమాధుల్లో, మా నాన్న పక్కన అన్నాడు. పాపం ఆ పిల్లకి నవ్వాలో రాయాలో తెలియలేదు. టెలిఫోన్ దగ్గర కూర్చునే పని ఉంది, వారానికి కొన్ని గంటలే, ఆలోచిస్తారా అంది. ఆలోచించడానికేం, పనంటే నేనెప్పుడు వెనకాడాను అన్నాడు. ఆ మాట మాత్రం నిజం. అందుకే నాకు ఒళ్ళు మండింది. చివరికి, బూట్లు మీరే తొడుక్కుంటారా ఎంబ్లెటన్ గారూ అని అడిగింది. అదెంత పని అన్నాడు.

ఇక నేను ఉండలేకపోయాను. అమ్మాయ్, ఆయన మాట ఒక్కటి కూడా రాయకు అన్నాను. మేజోళ్ళు నేను వేస్తాను, బూట్లు నేను వేస్తాను, స్నానాల తొట్టిలోంచి లేపేది నేను, రాత్రిళ్ళు మంచం మీద అటు ఇటు తిప్పేది నేను. ఇంకా ఏమేమో అన్నాను. ఆ పిల్ల టకటకా కొట్టుకుంటూ పోయింది. విల్ఫ్ నా వైపు చూడలేదు. కిటికీ వైపే చూస్తూ ఉన్నాడు.

ఇంటికొచ్చాక కావలసిన మాటలు తప్ప ఏమీ లేవు. మర్నాడు పొద్దున్న నేను కిందికి దిగేసరికి బొగ్గుల పటకారుతో మేజోడు పట్టుకుని కాలికి ఎక్కించుకోవాలని చూస్తున్నాడు. చెమటలు కక్కుతున్నాడు. నేను చూడనట్టు వెనక్కి మెట్లెక్కి పోయాను. అప్పటి నుంచీ రోజూ ఇదే బాగోతం. పటకారు వేసిన చోట మేజోళ్ళకి చిల్లులు, అవి నేను కుట్టడం.

పరాయి పిల్ల ముందు నేను అన్నీ బయటపెట్టానని ఆయన కోపం. నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఈ ఇంటి గడప దాటి ఎవరికీ తెలియని సంగతులు. కానీ నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? భత్యం పోతే పోయింది, ఇద్దరం ఎలాగో బతుకుతాం. నా భయం అది కాదు. ఆ టెలిఫోన్ పని ఇస్తే ఈయన వెళ్తాడు. వెళ్ళి కూర్చుంటాడు. నొప్పి అని ఒక్క మాట అనకుండా, ఉన్న ఆ కొంచెం నడుమూ పోయేదాకా అలాగే కూర్చుంటాడు.

ఎల్లుండి మంగళవారం మళ్ళీ రమ్మన్నారు. నేను రాకూడదట. నేను లేకుండా వెళ్ళి ఏం చేస్తావు అంటే, పెళ్ళికి నిన్ను తీసుకెళ్ళాను, ఈ జన్మకి అది చాలు అన్నాడు. నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. మంగళవారం ఏమైందో రాశాకే పంపిస్తాను.

మంగళవారం

ఒంటిగంట బస్సుకి వెళ్ళాడు. మళ్ళీ అదే సూటు. బూట్లు తొడగమని మాత్రం నన్నే అడగాల్సి వచ్చింది, అడిగేటప్పుడు గోడ వైపు చూశాడు. తొడిగాను.

ఇల్లంతా ఊడ్చాను. ఊడ్చిందే మళ్ళీ ఊడ్చాను. మాంసం, ఉల్లిపాయలు కూరి రొట్టె కాల్చాను. మూడు గంటల బస్సుకి రాలేదు. ఇంత సేపు ఎలా ఉన్నావంటే బ్రహ్మాండం అనడానికి పట్టదు కదా అనుకున్నాను. ఉద్యోగం కాగితాల మీద సంతకం పెట్టేశాడేమో, అక్కడి నుంచి అక్కడే కూర్చోబెట్టేశారేమో అని పిచ్చి ఆలోచనలన్నీ వచ్చాయి. హెస్లప్ గారి భార్య గోడ మీంచి తొంగిచూసి, ఇంకా రాలేదా అని అడిగింది. తలుపు వేసుకున్నాను.

నాలుగు దాటాక వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమిటంటే గాలి అన్నాడు. ఈ రోజు ఆకు కూడా కదలలేదు అక్కా. ఏమైంది అన్నాను. అంతా బ్రహ్మాండం అన్నాడు. పని ఇచ్చారా అన్నాను. ఆ సంగతి తర్వాత, ముందు ఆకలేస్తోంది అన్నాడు. రొట్టె సగం తిన్నాడు, బాగుంది అన్నాడు, కర్ర పట్టుకుని తోటలోకి వెళ్ళాడు. పోటీకి పెంచుతున్న ఆ లావుపాటి ఉల్లికాడల మధ్య నిలబడి అరగంట ఏమీ చేయలేదు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

నాకు అర్థమైంది. అన్నిటికీ తలూపి వచ్చాడు. నాకు చెప్పడానికి మొహం చెల్లక అలా నిలబడ్డాడు. కోపం వస్తోంది అక్కా, కానీ కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. ఇక్కడి స్కూలు వంటగదిలో మనిషి కావాలంటున్నారు, ఎల్లుండి వెళ్ళి అడుగుతాను. నేను పనికి వెళ్తే ఆయనకి ఆ టెలిఫోన్ దగ్గరికి వెళ్ళాల్సిన అవసరం ఉండదు. నా వయసులో ఆ పెద్ద గిన్నెలు ఎత్తగలనా అని అడగకు. ఎత్తుతాను. ఆయనకి మాత్రం ఈ సంగతి ఇప్పుడే చెప్పను, గొడవ చేస్తాడు.

ఈస్టర్‌కి నీ దగ్గరికి రావాలనుకున్నాను కానీ, ఈ పరిస్థితుల్లో ఆయన్ని వదిలి ఎలా రాను? నువ్వు పంపిన ఉన్ని అందింది. రంగు మరీ పచ్చగా ఉంది, అయినా అల్లేస్తాను.

ఎప్పటిలాగే కింద ఆయనకి చోటు వదిలాను. రేపు పొద్దున్న నేను చాపెల్‌లో పూలు సర్దడానికి వెళ్తాను, ఆయన తన ముక్క రాసి, కవరు అంటించి పోస్టు చేస్తాడు. ఏం రాస్తాడో నేనెప్పుడూ చూడను. ఇక్కడ వాన పడింది, మీ దగ్గర పడిందా అని తప్ప ఇంకేం రాస్తాడు గనుక.

మోకాలు జాగ్రత్త.

నీ చెల్లెలు,
థెల్మా

తా.క.

వదినగారికి విల్ఫ్ రాస్తున్నది. థెల్మా ఇంట్లో లేదు. పైన తను రాసిందంతా చదివాను. చదవకూడదు, కానీ చదివాను.

భత్యం ఎక్కడికీ పోదు. టెలిఫోన్ పనీ లేదు. స్కూలు వంటగదికి తను వెళ్ళనక్కర్లేదు, ఆ మాట ఈ సాయంత్రం నేనే చెబుతాను. నిన్న ఆ కిర్స్టీ పిల్లకి ఉన్నదంతా చెప్పేశాను. అక్టోబరు నుంచీ ఎడమ కాలు మోకాలి కింద ఉన్నట్టే నాకు తెలియడం లేదు. మెట్ల మీద రెండుసార్లు పడ్డాను. హాల్లో అద్దం నేనే పగలగొట్టానని థెల్మాకి చెప్పాను, అది నిజమే, తలతో. చెబుతూ ఉంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. చిన్నపిల్ల ముందు అలా అయినందుకు సిగ్గేసింది. తను టీ తెచ్చి ఇచ్చింది. పోయినసారి ఇవన్నీ ఎందుకు చెప్పలేదండీ అంది. మా ఆవిడ పక్కనే కూర్చుంది కదమ్మా అన్నాను. ఆసుపత్రి కాగితాలు తనకి అందేదాకా ఇక రానక్కర్లేదు, అది నేను చూసుకుంటాను అంది.

ఆసుపత్రి వాళ్ళు చూడటం అయింది, అది థెల్మాకి తెలియదు. పోయిన వారం తోటకి ఎరువు తేవాలని చెప్పి వెళ్ళాను. వెన్నులో నరం నలిగిపోతోందట. కోసినా లాభం లేదట. వేసవి దాటేసరికి చక్రాల కుర్చీ తప్పదని పెద్ద డాక్టరు చెప్పాడు. అతను మంచివాడే, దాచకుండా చెప్పాడు.

ఈస్టర్ ముందు శుక్రవారం థెల్మాకి చెబుతాను. నేనే చెప్పాలి, మీరు రాయకండి. కానీ మీరు దానికి ముందురోజు, గురువారం బస్సుకి రండి వదినగారూ. మోకాలు నొప్పి అని తెలుసు, అయినా రండి. ఊరికే రావాలనిపించింది అనండి, నేను అడిగానని అనొద్దు.

నాకోసం కాదు. నేను చెప్పగానే తను లేచి టీ పెడుతుంది, కుర్చీ ఏ గదిలో పడుతుందో కొలుస్తుంది. పైకప్పు నా మీద పడ్డప్పుడు ఆసుపత్రిలో కూడా అంతే, దిండ్లు సర్దుతూ కూర్చుంది. నా ముందు ఏడవదు. తను ఏడవడానికి మీరు రావాలి.

విల్ఫ్