గ్రోలె టైర్లకు నలుపు పూసిందెవరు

ఆస్తి సంగతి తర్వాత. నా భార్య ఆల్ఫిల్డ్ చనిపోయిన ఏడాది, జూన్‌లో వచ్చే మిడ్‌సమ్మర్ పండుగకు ముందు, నా కొట్టంలోకి దూరి మా పాత ట్రాక్టర్ గ్రోలె నాలుగు టైర్లకూ నలుపు పూసిన మనిషి ఇంతవరకూ నోరు విప్పలేదు. పదకొండేళ్లుగా అదే నన్ను తొలుస్తోంది. అందుకే ఈ వీలునామా బీరువాలో దాచకుండా, ఒక్కో నకలు కూతురు గున్వోర్‌కూ, బావమరిది సిక్స్టెన్‌కూ నేను బతికుండగానే పంపుతున్నాను.

1. ఎవెర్ట్ బ్రోక్విస్ట్ అనే నేను, స్వీడన్‌లోని డాల్స్‌లాండ్‌లో సొంత పొలంలో ఉంటూ, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే వ్రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే చెయ్యి వణికిందని అనుకోవద్దు. బడిలో ఉన్నప్పుడూ ఇంతే.

2. ఇల్లు, పొలం, అడవి ముక్క గున్వోర్‌కు సర్వహక్కులతో చెందవలెను. సగం ఎలాగూ చట్టం ఇస్తుంది, మిగతా సగం నేనిస్తున్నాను. దీనికీ టైర్లకూ సంబంధం లేదు.

3. పడవ సిక్స్టెన్‌కు. ఒక్క తెడ్డుతోనే ఇస్తున్నాను, రెండోది విరగ్గొట్టింది అతనే. నా జాకీ కూడా అతనికే. ఎన్నో ఏళ్లుగా అతని గరాజులోనే ఉంది, ఇకపై నన్ను చూసి దానిమీద గోనె కప్పనక్కర్లేదు.

4. ఇక ట్రాక్టర్. మా నాన్న బూడిదరంగు గుర్రాన్ని అమ్మి, అదే రంగు ట్రాక్టర్ కొని, గుర్రం పేరే పెట్టాడు. టైర్లు ఆనాటివే. ఎండకు నెరిసి బీటలు వారాయి. నా తలా నెరిసింది, దానికెవరూ రంగు వెయ్యలేదే.

తను పోయిన ఏటి వసంతంలో ఆల్ఫిల్డ్ జబ్బుమంచం మీదనుంచి, “ఈసారి గ్రోలెను ముట్టుకోని యంత్రాల వరుసలో పెట్టు, నేను రాకపోయినా” అంది. పండుగనాటి ప్రదర్శనలో రంగు, కొత్త సామాను పడని పాత బండ్లకే ఆ వరుస. సబ్బునీళ్లు, బ్రష్షు తప్ప నేనేమీ వాడలేదు. పండుగనాడు పొద్దున చూస్తే నాలుగూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. కడగడానికి వ్యవధి లేక అలాగే తీసుకెళ్లాను. బహుమతి నిర్ణయించే ఆయన టైరు మీద బొటనవేలు రాసి పైకెత్తి, “ఏం ఎవెర్టూ, పెళ్లికా? బూట్లకు పాలిష్ బాగానే పట్టించావు” అన్నాడు. వరుసలోంచి తీయించాడు. అందరికంటే గట్టిగా నవ్వింది సిక్స్టెన్. “రబ్బరు నల్లగా ఉంటేనే గదా బావా బండి బతికున్నట్టు” అన్నాడు. అప్పటినుంచి ఊళ్లో నా పేరు పాలిష్ ఎవెర్ట్.

ఇంటికొచ్చి తుడిస్తే గుడ్డకు అంటింది వట్టి నలుపు కాదు, వెండిలా మెరిసే నలుపు. అది ఇనుప పొయ్యికి పూసేది. డబ్బా నా వంటింట్లోదే. ఆ వారమంతా సిక్స్టెన్ అక్కడే కూర్చుని కాఫీ తాగాడు. పైగా ప్రతి బీటలోనూ వేలితో రుద్ది ఉంది. అల్లరికి చేసేవాడికి అంత ఓపిక ఉండదు. ఆ రోజు గున్వోర్ గోళ్లు నల్లగా ఉన్నాయి. అడిగితే, “బ్లూబెర్రీలు నాన్నా” అంది. మిడ్‌సమ్మర్‌కు మా అడవిలో ఆ కాయలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. ఫ్రీజర్‌లోవి అంది. ఆ కాయలు పెట్టి తీపి రొట్టె అయితే కాల్చింది, నిజమే. నేను తినలేదు.

5. గ్రోలె ఎవరికి దక్కినా, టైర్లకు నలుపుగానీ నూనెగానీ పూయరాదు. సబ్బునీళ్లతో కడిగి, దిమ్మల మీదకు ఎత్తి, ఎండ తగలకుండా కప్పి ఉంచవలెను. పూస్తే హక్కు రద్దు.

6. నలుపు పూసింది ఎవరైతే గ్రోలె వాళ్లదే. సిక్స్టెన్ అయితే పళ్లు కొరుక్కుంటూ ఇస్తాను, కానీ ఇస్తాను. ఇద్దరూ నేనంటే నేనంటారేమో. ఒక టైరుకు లోపలి వైపు పూయకుండా వదిలేశారు. అది ఏ టైరో నాకు తెలుసు, పూసినవాళ్లకూ తెలుసు. ఇద్దరూ కాదంటే బండి ట్రాక్టర్ల సంఘానికి పోతుంది, వాళ్లు కొత్త టైర్లు వేసుకోనీ.

నవంబరు రెండు, సర్వపరిశుద్ధుల శనివారం. ఆల్ఫిల్డ్ సమాధి మీద దీపం పెట్టడానికి మీరిద్దరూ ఎలాగూ వస్తారు. నేను ముందే వచ్చి నిలబడతాను. అగ్గిపుల్ల గీసేలోగా చెప్పాలి. నేను అరవను. ఏ టైరు?

14 సెప్టెంబరు 2019
ఎవెర్ట్ బ్రోక్విస్ట్ (స్వహస్తం)

మా ఎదుట సంతకం చేశాడు. మేము ఇతనికి చుట్టాలం కాము:
ఇంగెగెర్డ్ ముంథర్
తూరె ఆల్మ్‌లోఫ్