బట్టల బ్రష్షు

4-1-1977, మంగళవారం

నా బట్టల బ్రష్షు పోయింది. మత్రా బజారులో కొన్నది. చెక్క పిడి, గట్టి కుచ్చు. నిన్న సాయంత్రం సబ్బుతో పాటు కిటికీలో పెట్టాను. సబ్బు ఉంది, బ్రష్షు లేదు.

రూములో ఉండేది ముగ్గురం. నేను, బావ, వంట చేసే బాబు మియా. బావ అంటే గంగన్న, మా కనకవ్వక్క మొగుడు. నన్ను ఈ అరబ్బు దేశానికి తెచ్చిందే ఆయన. అందుకని ఆయన్ని పక్కన పెట్టాను. మిగిలింది బాబు మియా. గిన్నెలు తోమడానికి వాడుకుంటున్నాడని నా అనుమానం. అడిగితే, అల్లా కసమ్ పోచన్నా, నాకెందుకు నీ బ్రష్షు అన్నాడు. బ్రష్షు గురించి అడిగితే దేవుడి దాకా పోవడం ఎందుకు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

7-1, శుక్రవారం

సెలవు. కొత్త డైరీ కదా, డ్యూటీ సంగతి ఒకసారి రాసి పెట్టుకుంటాను. రేపు ఏదైనా తేడా వస్తే పనికొస్తుంది.

బహ్లాలో రోడ్డు సైట్ పని తగ్గాక కంపెనీ మమ్మల్ని ఈ సముద్రపు ఒడ్డు షెడ్డుకు పంపింది. ఇక్కడివాళ్ళు బోనులు వేసి లాబ్‌స్టర్లు పట్టి తెస్తారు. మూరెడు రొయ్య అనుకుంటే సరి. బావ పడవల దగ్గర వాటిని దింపించుకుని, ఇసుకా నాచూ కడిగి నా టేబుల్ మీదికి తెస్తాడు. నేను చెకింగ్. కొలత గేజు కన్నా చిన్నదైతే మళ్ళీ సముద్రంలోకి. వెల్లకిలా తిప్పినప్పుడు తోక కింద గుడ్లు కనిపిస్తే అదీ సముద్రంలోకి. ఫిషరీస్ వాళ్ళ రూల్. గుడ్లు నారింజ రంగులో ఉంటాయి, ఆవగింజ కన్నా సన్నం, వేలకు వేలు. మిగిలిన మాలుకు నేను సంతకం పెడితే ఐసులో ఘాలా కోల్డ్ స్టోరేజీకి పోతుంది. పదో తరగతి పాసైన పాపానికి సంతకం నాది. తేడా వస్తే మెడ కూడా నాదే.

12-1

గుడ్లున్నవి రావడం లేదు. నవంబరులో రోజూ బుట్టెడు వెనక్కి వేసేవాణ్ణి. ఈ వారం ఒక్కటీ లేదు.

సూపర్‌వైజర్ నిసార్ అహ్మద్‌ని అడిగాను. హైదరాబాద్ మనిషి, చొక్కా నలగనివ్వడు. సీజన్ ఖతమ్ అన్నాడు. మీకెవరు చెప్పారన్నాను. మాల్ హోనా మియాఁ, సవాలాఁ నక్కో అన్నాడు, సరుకు కావాలి, ప్రశ్నలొద్దని. ప్రశ్న అడిగితే కోపం వచ్చేవాడి దగ్గర జవాబు తప్పకుండా ఉంటుంది.

పడవల ముసలాయన సాలెం కూడా ఇవాళ నాతో ఏదో చెప్పాడు. సగం అరబ్బీ, సగం చేతులు. కడుపు చూపించి, సముద్రం చూపించి, తల్లుల్ని తీసుకుపోతే వచ్చే ఏడు నా బోను ఖాళీ, నీ షెడ్డు ఖాళీ అన్నట్టు అర్థమైంది. ఇంతమంది ఉండగా నాకే ఎందుకు చెప్పాడు?

15-1, ఉదయం

రాత్రి బాబు మియా పెట్టిన అన్నం నారింజ రంగులో ఉంది. సన్నటి గింజలు. నేను ముట్టలేదు.

15-1, మధ్యాహ్నం

అది జర్దా, వాళ్ళ తీపి అన్నం. రంగు పొడి డబ్బా నా ముక్కు దగ్గర పెట్టి చూపించాడు. గింజలు గసగసాలట. బావ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నేను ఆకలితో డ్యూటీ చేశాను.

18-1

కానీ నాది ఉత్త అనుమానం కాదు. ఇవాళ ఒక ఆడ లాబ్‌స్టర్‌ను వెలుతురులో పట్టుకుని చూశాను. తోక కింద గుడ్లు పట్టుకునే సన్నటి పీచులుంటాయి. అవి తెగి ఉన్నాయి. అక్కడక్కడా పచ్చిగా ఉంది. ఒక మూల నారింజ చుక్క ఒకటి అంటుకుని ఉంది.

ఎవరో గుడ్లు గీకేస్తున్నారు. గీకేసి నా ముందు పెడుతున్నారు. నేను సంతకం పెడుతున్నాను.

20-1

ఎవరు? నిసార్ సాబ్ చెయ్యి తడుపుకునే రకం కాదు. సాలెం చేయడు, చేస్తే నాకు చెప్పడు. బాబు మియా పొద్దున్నే చేపలకని ఒడ్డుకు పోతాడు, ఎంతకూ రాడు.

బావను లెక్కలోకి తీసుకోలేదు. అక్కకు ఏడో నెల. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు ప్రాణం తీయకూడదు. బావకు ఈ పట్టింపు మరీ ఎక్కువ, అక్కకు ముందు రెండు కాన్పులు పోయాయి కదా. గుమ్మడికాయ కోయడు, కొబ్బరికాయ కొట్టడు. నిన్న ఆయన చెప్పులో తేలుంటే మంచమెక్కి నిలబడి, పోచన్నా నువ్వు కొట్టురా, నేను కొట్టొద్దు అని అరిచాడు. నేనే కొట్టాను. తేలును చంపనివాడు తల్లిని గీకుతాడా?

24-1, ఉదయం

బాబు మియా వెనకాలే వెళ్ళాను. తెల్లవారుతోంది. పట్టుకున్నానులే అనుకున్నాను. అతను రాళ్ళ చాటుకు వెళ్ళింది కడుపు ఖాళీ చేసుకోవడానికి. సిగ్గేసి ఇటు తిరిగాను.

ఇటు పక్క బావ ఉన్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో రాయి మీద కూర్చుని, ఒళ్ళో లాబ్‌స్టర్‌ను వెల్లకిలా పెట్టుకుని తోముతున్నాడు. నా బ్రష్షుతో. ఆయన కాళ్ళ చుట్టూ నీళ్ళు నారింజ రంగుగా ఉన్నాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టకుండా ఉంటే బాగుండేది.

24-1, సాయంత్రం

అన్నం తిన్నాక బావను అడిగాను. నేను సంపుతలేను గదరా, తోముతున్న గంతే అన్నాడు. ఆ గుడ్లేమవుతున్నాయి బావా అన్నాను. నీళ్లల్లకే పోతున్నయి గద అన్నాడు. ఆయనకూ తెలుసు. చెబుతూ చెబుతూ గోడ వైపు తిరిగాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. మాలు తగ్గకుండా చూస్తే మార్చిలో లీవ్ ఇస్తానన్నాడట నిసార్ సాబ్. పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది. రెండు సార్లు కనకవ్వ ఒక్కతే ఏడ్సింది, గీసారన్న పక్కన ఉండాలెరా అన్నాడు. నాకు కోపం పోలేదు, కానీ ఏడుపు వచ్చింది.

అయినా నా నోరు ఊరుకోదు. అందులో తప్పు లేదని అక్క కడుపు మీద ఒట్టేసి చెప్పు అన్నాను.

బావ ఒట్టు వేయలేదు. బ్రష్షు తెచ్చి నా మంచం మీద పెట్టాడు. కుచ్చు నిండా గుడ్లు.

26-1

బ్రష్షు ట్రంకులో పెట్టి తాళం వేశాను. ఫిషరీస్ ఆఫీసుకు చెబితే బావ పోతాడు, అక్క నా మొహం చూడదు. చెప్పకపోతే నా సంతకం మీద తల్లులన్నీ ఘాలాకు పోతాయి. దొంగకు తేలు కుట్టినట్టుంది. దొంగ బావో నేనో తెలియడం లేదు.

29-1

సప్లై లారీ వచ్చింది. బియ్యం, ఉల్లిగడ్డలు, డీజిల్, డజను బట్టల బ్రష్షులు.

డజను! షెడ్డులో ఉన్న వాళ్ళందరం రోజూ బట్టలుతికినా ఏడాదికి అరగవు. నిసార్ సాబ్ ఆ డబ్బాను తానే మోసి నేరుగా బావ చేతిలో పెట్టాడు. చొక్కా నలిగింది.

2-2, బుధవారం



ఇవాళ నిసార్ సాబ్ నా టేబుల్ పక్కనే నిలబడి ఉన్నాడు. బావ బుట్ట తెచ్చాడు. పైనున్న దాన్ని తీసి, తానే వెల్లకిలా తిప్పి నా ముందు పెట్టాడు. తోక కింద గుడ్లు నిండుగా, తడిగా ఉన్నాయి. దాని కింద ఇంకోటి, అదీ గుడ్లదే. బుట్టంతా అవే. బావ నిసార్ సాబ్ వైపు చూడలేదు. నావైపే చూసి, చెక్ చెయ్యిరా అన్నాడు.

బుట్ట నేనే మోసుకుపోయి నీళ్ళలో వదిలాను. సాలెం పడవ మీద నుంచి చూస్తున్నాడు. వెనక్కి వచ్చేసరికి నిసార్ సాబ్ బావతో చాలా మెల్లగా మాట్లాడుతున్నాడు. ఆయన మెల్లగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

3-2

బావను మళ్ళీ బహ్లా సైట్‌కు వేశారు. మట్టి పని. లీవ్ లేదు. అక్కకు ఏమని రాయాలో ఆయన నన్ను అడిగాడు, నేను ఆయన్ని అడిగాను.

నన్ను కదపలేదు. సంతకం కావాలి కదా. పడవల దగ్గరికి కొత్త మనిషి వస్తాడట. వాణ్ణి ఇప్పటి నుంచే అనుమానిస్తున్నాను.

5-2, ఉదయం

బావ లారీ ఎక్కేముందు నా బ్రష్షు అడిగాడు. శుభ్రంగా కడిగి ఇచ్చాను. ఎందుకని అడగలేదు.

లారీ కనుమరుగయ్యాక కిటికీలో చూశాను. సబ్బు కూడా పట్టుకుపోయాడు. మట్టి పని కదా, పట్టుకుపోనీ.