ఆకాశంలో వంటవాడి గొంతు

అక్కకీ బావకీ సూరి దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం.

నేనిక్కడ హైదరాబాదులో బాగానే ఉన్నాను. మీ ఒంట్లో ఎలా ఉంది? బావ నడుంనొప్పి తగ్గిందా? చేపల వేట ఆపిన రోజులు కదా, వలలు బాగుచేసుకుంటూ కనబడినవాళ్ళందరి మీదా విసుక్కుంటూ ఉంటాడు. నువ్వు మాత్రం ఈ ఎండలో ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని శ్రీకూర్మం దాకా నడవకు. ఆటో ఎక్కు.

నేను ఫోను ఎత్తడం లేదని నీకు కోపంగా ఉందని తెలుసు. తిడుతూ పెట్టిన మెసేజీలన్నీ చదివాను. ఒంట్లో బాగానే ఉంది, ఎవరితోనూ గొడవ పడలేదు, తాగడం లేదు. మెసేజీలో జవాబు రాస్తే నువ్వు వెంటనే ఫోన్ చేస్తావు. అందుకే ఉత్తరం. పూర్తిగా చదువు, మధ్యలో ఆపి బావ మీద అరవకు.

ఇక్కడ ఎండ ఉంది గానీ గాలి లేదు. చేప దొరుకుతుంది గానీ ఐసులో ఎన్నాళ్ళుందో దానికే తెలియదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కాబట్టి అడుగుతున్నాను, వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఎండు నెత్తళ్ళు పంపు. గదిలో ఉండేవాళ్ళు వాసనని గోల చేస్తారు, చేసుకోనీ.

ఇక పని సంగతి. డబ్బింగు స్టూడియోలో నాది గుంపు గొంతని నీకు తెలుసు. తెర మీద జాతర వస్తే అరుస్తాం, పెళ్ళి వస్తే గుసగుసలాడతాం. నలుగురైదుగురం కలిసి ఊరంత గోల చేస్తాం. ఈమధ్య ఒక టీవీవాళ్ళు 'ఆకాశంలో అద్దెకొంప' అని నవ్వుల సీరియల్ మొదలుపెట్టారు. భూమికి తిరిగొచ్చే దారి తప్పిన ఒక ఓడ, అందులో నీళ్ళకీ మంచాలకీ కొట్టుకునే కొంతమంది మనుషులు. ఓడంటే ఏమనుకున్నావు, థర్మోకోలు, వెండిరంగు కాగితం, పాత కూలర్ల మూతలు. అందులో వంటవాడు శ్రీకాకుళంవాడు. జనం నవ్వాలంటే మన యాస పెట్టడం వాళ్ళకు అలవాటే కదా. నాకెప్పుడూ ఒళ్ళు మండుతుంది. ఈ వంటవాడు మాట్లాడితే మాత్రం మండలేదు. ఆ వేషం వేసినతని పేరు సత్యం, శృంగవరపుకోట మనిషి. ఒకసారి స్టూడియో మెట్ల మీద కనబడి మాది ఏ ఊరని అడిగాడు, చెబితే భుజం తట్టి వెళ్ళిపోయాడు. అంతే మా పరిచయం.

కొన్ని భాగాలకు తన గొంతు తనే చెప్పుకున్నాడు. తర్వాత జ్వరమని ఇంటికి వెళ్ళాడు, అక్కడే పోయాడు. నటించేసిన భాగాలు మిగిలిపోయాయి. తెర మీద మనిషి నోరు ఆడిస్తాడు, మాట లేదు. అదే యాస కదా అని నన్ను పిలిచారు. షూటింగులో పట్టిన పచ్చి శబ్దం ఉంటుంది. ఫ్యాను చప్పుడూ డైరెక్టరు అరుపులూ, వాటి అడుగున అతని మాటలూ. అది చెవుల్లో పెట్టుకుని అతన్ని నేర్చుకున్నాను. మాట మొదలెట్టే ముందు చిన్నగా గాలి పీలుస్తాడు, నీళ్ళలో మునగబోయేవాడిలా. మాటలు త్వరగానే వచ్చాయి. ఆ ఊపిరి పట్టుకోవడానికే చాలా రోజులు పట్టింది.

ప్రతి భాగం చివరా వంటవాడు గుండ్రటి కిటికీ దగ్గరికి వెళ్ళి భూమి మీదున్న వాళ్ళమ్మకు ఫోన్ చేసి "అమ్మా, తిన్నావేటి?" అని అడుగుతాడు. అంత దూరం నుంచి జవాబు రావడానికి ఏళ్ళు పడుతుంది. అతను చెవి ఆనించి నిలబడే ఉంటాడు, తెర మీద నటుల పేర్లు వచ్చేస్తాయి. అక్కడ జనం నవ్వాలి. ఎవరూ నవ్వలేదు. పట్టుమని రెండు నెలలు తిరక్కుండా సీరియల్ ఆపేశారు. ఆ కిటికీని ఎవరో పెళ్ళి స్టేజీకి అద్దెకు పట్టుకుపోయారు.

ఆపేసిన వారానికి సత్యం తల్లి స్టూడియోలో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. రోజూ సీరియల్ వేళకు కంచం ముందు పెట్టుకుని కూర్చునేదట. కొడుకు తెర మీద అడిగాక జవాబు చెప్పి తినేదట.

"మావోడు పోనాడని నాకు తెలుసు బాబూ. నానే దగ్గరుండి సాగనంపినాను. నువ్వు ఆడివి కావనీ తెలుసు. అయినా ఒక్కపాలి అలగ అడుగు. నాకు ముద్ద దిగడం నేదు."

అడిగాను. తింటానులే నాయినా, నువ్వు తిను అంది. కంచం దగ్గరికి లాక్కున్న చప్పుడు వినబడింది. ఒక్కసారితో అయిపోతుందనుకున్నాను. మర్నాడు ఆమె కూతురు ఫోన్ చేసి, అమ్మ అన్నం ముందు కూర్చుని ఉందని చెప్పింది. అప్పటినుంచి రోజూ ఆ వేళకు నేనే చేస్తున్నాను. కొరివితో తల గోక్కున్నానని తెలుసు. కానీ ఆవిడ ఆకలితో కూర్చుంటే ఏం చెయ్యను?

ఇప్పుడు ఆ గొంతు నన్ను వదలడం లేదక్కా. టీ అడగబోతే ముందు ఆ ఊపిరి వస్తుంది. మొన్న గుంపులో అరుస్తుంటే సౌండు ఇంజినీరు హెడ్‌ఫోన్లు తీసేసి, సత్యంగారు వినిపిస్తున్నారన్నాడు. అందరూ నా వైపు చూశారు. నన్ను బయట కూర్చోబెట్టారు. ఇంకా లోపలికి పిలవలేదు.

ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేశావు. గుర్తుందా? "అక్కా" అన్నాను.

"నువ్వెవురు? మా సూరిగాడికి ఫోనియ్యి" అన్నావు.

నేనేనన్నాను. "ఆడి గొంతు నాకు తెల్దేటి?" అని పెట్టేశావు.

తర్వాత నువ్వు చేసినప్పుడల్లా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను, ఎత్తలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నువ్వే నన్ను పోల్చుకోలేకపోయావు. భయం వేసింది. ఇప్పటికీ వేస్తోంది.

ఇక నావల్ల కాదని చెప్పేద్దామని ఒకరోజు కోటలో ఉన్న సత్యం తల్లికి ఫోన్ చేశాను. నా పేరు చెప్పాలి, నా గొంతుతో చెప్పాలి అనుకుని నోరు తెరిచాను. ముందు ఊపిరి వచ్చింది. నేనింకా ఒక్క మాటైనా అనలేదు.

"తింతన్నాను నాయినా" అంది ఆమె.

ఆ పని మానను. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ వేళకు ఆ గొంతు ఆమెదే. మిగతా రోజంతా నేను నాకు కావాలి. నా పాత గొంతు వెతుక్కుందామంటే అది విడిగా ఎక్కడా లేదు, అన్నీ గుంపులో కలిసిపోయిన అరుపులే. నీకు ఫోనులో పట్టి పంపిన మాటలు బావ సముద్రంలో పడేసిన ఫోనుతోపాటే పోయాయి.

బావకు నా దండాలు చెప్పు. మీ అత్తను కళ్ళకు మందు వేసుకోమను. నా గురించి బెంగ పెట్టుకోకు, నిజంగానే వేళకు తింటున్నాను. నీ చల్లని చెయ్యి నా మీద ఉంచు.

ఒక్క సాయం చెయ్యి. మీ పిల్ల దుర్గ నా వెనకాల నడుస్తూ, మామ ఇలా మాట్లాడతాడని నన్ను వెక్కిరించేది కదా. దాన్ని కూర్చోబెట్టి, నేను వీధిలోంచి నిన్నెలా పిలిచేవాణ్ణో, పులుసు ఇంకొంచెం వెయ్యమని ఎలా అడిగేవాణ్ణో, కోపమొస్తే ఎలా అరిచేవాణ్ణో దాని నోట అనిపించి, ఫోనులో పట్టి పంపు. తిట్టకు, నవ్వితే నవ్వనీ. విని నేర్చుకుంటాను. అది నన్ను మరిచిపోకముందే పంపక్కా.

నీ తమ్ముడు
సూరి