లామినేట్ చేసిన ఫొటో

రూత్ ఆంటీ,

మీకు తెలుగు రాదు. అయినా ఈ మాటలు నాకు తెలుగులోనే వస్తున్నాయి. మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీరు చెప్పినట్టే మీ ఫొటోల డబ్బా మ్యూజియంకి ఇచ్చేశాను.

పాత ఫొటోలు, కాగితాలు భద్రపరిచే వాళ్ల ఆర్కైవిస్ట్ మన ఊరు నేపర్‌విల్‌కి వచ్చి, మా డైనింగ్ టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి ఒక్కోటీ తీసింది. చాలావరకు యుద్ధానికి ముందు యూరప్ నుంచి అమెరికాలోని మీ మేనత్తకి పోస్ట్‌లో వచ్చినవి. ప్రతి ఫొటో వెనకా మీరు పెన్సిల్‌తో రాసిన పేర్లు. నాజీలు ఇంటిల్లిపాదినీ చంపేశాక, మీ మేనత్త కూడా పోయాక, ఆ పేర్లన్నీ తెలిసిన మనిషి మీరొక్కరే. ఒక్కరినీ వదల్లేదు మీరు.

మీ చెల్లి మిరియం ఫొటో చేతిలోకి తీసుకుని ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. నాజీలు మిమ్మల్ని మంచులో క్యాంపు నుంచి క్యాంపుకి నడిపించినప్పుడు మీరు బూటులో దాచుకున్న ఫొటో. తడిసి తడిసి ఆ పిల్ల గౌను సగం చెరిగిపోయింది. నేనేమో ఇండియాలో సర్టిఫికెట్లకి చేయించినట్టు లామినేట్ చేయించి, మీ పుట్టినరోజుకి గొప్పగా ఇచ్చాను. మీరు నన్ను దగ్గరికి తీసుకున్నారు తప్ప ఇంకేం అనలేదు.

"పాత ఫొటోలకి ఇది చేయకూడదు. ఇక ఊడదీయలేం" అంది ఆమె.

"తప్పు నాదే" అన్నాను.

డబ్బా అడుగున మీరు పెట్టిన ఫొటోల లిస్ట్ ఆమె చదివి, మిరియం పేరు దగ్గర వేలు పెట్టి కాగితం నా వైపు తిప్పింది. మీ చేతిరాతే.

"పక్కింటి వాణి లామినేట్ చేయించింది. ఎవరూ విప్పొద్దు. ఇక మిరియం తడవదు."