ఎర్ర కాగితం తొడిగిన మొగ్గలు

వనపర్తి,
జులై 2006

నాయినా,

మొన్న గద్వాల నుంచి ఫోను చేసి, ఈ ఏడు కూడా చెల్లె జమ్ములును సీడుపత్తి చేనుకే పంపుతానన్నావు. "బడికి పోయి ఏం జేస్తది, మొద్దుది" అన్నావు.

ఆ మాట మొదట అన్నది నేనే. అది మూడో తరగతిలో ఉన్నప్పుడు ప రాయమంటే వ రాసిందని చెల్లె వేళ్ల మీద స్కేలుతో కొట్టాను. "అక్షరాలు నిలుస్తలేవక్కా" అని ఏడిస్తే, నటిస్తున్నదని నీకు చెప్పాను. నిరుడు పదకొండేళ్లకే దాని బడి మాన్పించావు.

ఇక్కడ టీచరు ట్రైనింగులో నిన్న అటువంటి పిల్లల గురించి చెప్పారు. తెలివి ఉన్నా అక్షరాలు పట్టుబడవట, వేరే తీరుగా నేర్పితే వస్తాయట. దానికో ఇంగ్లీషు పేరుంది. మనింట్లో దాని పేరు మొద్దు.

సీడుపత్తి క్రాసింగ్ పనిలో సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి కాడలు గిల్లి గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి, పొద్దున ఆ మొగ్గలకే మగపువ్వు అద్దాలి. నిరుడు గాలివానకు కాగితాలన్నీ ఎగిరిపోతే, ఏ మొగ్గ ఎక్కడుందో గుర్తుపెట్టుకొని మన సాళ్లన్నీ అదొక్కతే అద్దింది. ఊరంతా గొప్పగా చెప్పుకున్నావు. అయినా అది మొద్దే.

నీకూ చదువు రాదు. ఈ ఉత్తరం ఎవరితోనో చదివించుకుంటావు. నిన్ను ఎవరూ మొద్దు అనరు.

ఆదివారం వచ్చి దాన్ని నేనే బడిలో చేర్పిస్తాను, అడ్డం రాకు. ఇది చదివించేటప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకో. కొట్టింది నేనని దానికి తెలుసు. తప్పు తనది కాదని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నీ పెద్దబిడ్డ